అనారోగ్యంతో ఉద్యోగం మానవలసి వస్తే...

నేను బ్యాంకులో గుమస్తాగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎందరికో ఫారాలు నింపి పెట్టాను. కాని మా ఇంటి విషయంలో ఒక్క కాగితం సమయానికి చూడక నష్టపోయాం. ఆ అనుభవం మన పిల్లలకు, తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

2019లో హోసూరులో ఒక కర్మాగారంలో పనిచేస్తున్న మా మేనల్లుడికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. అప్పటికి అతని సర్వీసు నాలుగేళ్ళు. "ఒక ఉత్తరం రాసివ్వండి, లెక్క తేల్చేస్తాం" అన్నారు ఆఫీసువాళ్ళు. ప్లస్ టూ చదువుతున్న కూతురు "స్వంత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను" అని రాసింది. తండ్రి ఎడమచేతి వేలిముద్ర వేశాడు. ఆ "స్వంత కారణాలు" అన్న మాట ఎంత పని చేసిందో మాకు తరువాత తెలిసింది.

అందరూ తెలుసుకోవలసినవి ఇవి. ఇవన్నీ కేంద్ర నిబంధనలు కనుక మనం తమిళనాడులో ఉన్నా, ఒడిశాలో ఉన్నా, యానాంలో ఉన్నా ఒకటే.

1. ముందు సెలవు, తరువాతే రాజీనామా: జీతంలో ఈఎస్ఐ కోత ఉన్నవారికి జబ్బు చేస్తే, ఈఎస్ఐ వైద్యుని సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. పక్షవాతం, క్షయ, క్యాన్సర్ వంటి దీర్ఘవ్యాధులకు, రెండేళ్ళ సర్వీసు, తగినన్ని రోజుల చందా ఉంటే, 80 శాతం చొప్పున రెండేళ్ళ వరకు పొడిగించవచ్చు. మావాడు ఆస్పత్రి నుంచి రాగానే రాజీనామా ఇచ్చాడు. ఇది అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

2. గ్రాట్యుటీ: మామూలుగా అయిదేళ్ళు నిండాలి. కాని ప్రమాదం వల్లగాని, జబ్బు వల్లగాని చేస్తున్న పని చేయలేని స్థితి వచ్చి మానితే ఆ నియమం లేదు. 1972 చట్టంలో ఉన్న ఈ మినహాయింపు 2025 నవంబరులో అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఉంది. మావాడి ఉత్తరం చూపించి "అయిదేళ్ళు కాలేదు" అన్నారు. ఆస్పత్రి కాగితాలు జతచేసి మళ్ళీ అర్జీ పెట్టాం. మూలవేతనం, కరువు భత్యం కలిపి 13,000. దాన్ని 26తో భాగించి 15తో హెచ్చిస్తే ఏడాదికి 7,500. నాలుగేళ్ళకు 30,000 చేతికి వచ్చింది.

3. పెన్షను: పీఎఫ్ పెన్షనుకు పదేళ్ళ సర్వీసు కావాలి. అయితే ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా అశక్తుడైతే ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు. వైద్య మండలి పరీక్షించి నిర్ధారించాలి. దీనికి 10డి ఫారం. 2014లో కనీస పెన్షను నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించారు. చిన్న మొత్తమే, కాని జీవితాంతం వస్తుంది. ఆయన తదనంతరం భార్యకు, 25 ఏళ్ళ లోపు ఇద్దరు పిల్లలకు కూడా అందుతుంది. మావాడిచేత 10సి ఫారం మీద వేలిముద్ర వేయించారు. అది పెన్షను వంతును ఒకేసారి వెనక్కు తీసుకునే ఫారం. ఆ కాస్త సొమ్ముతో పెన్షను హక్కు పోయింది.

4. పన్ను: అయిదేళ్ళ లోపు పీఎఫ్ తీస్తే పన్ను పడుతుంది. అనారోగ్యం వల్ల ఉద్యోగం పోయినవారికి పడదు. కనుక మానిన కారణం అన్నిచోట్లా ఒకేలా ఉండాలి.

5. పేరు: మనవాళ్ళకు ఒక కాగితంలో ఇంటిపేరు, ఇంకొక దానిలో తండ్రి పేరు పొడి అక్షరం ఉంటాయి. ఆధార్, పీఎఫ్, బ్యాంకు ఖాతాల్లో పేరు ఒక్కటిగా ఉందో లేదో ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసుకోండి.

విద్యార్థులకు ఒక మాట. చాలా ఇళ్ళలో నాన్నగారి ఫారాలు నింపేది మీరే. రాసే ముందు పూర్తిగా చదవండి. జబ్బు వల్ల మానితే జబ్బు అనే రాయండి. ప్రతి కాగితానికి జిరాక్సు ఉంచుకోండి. మా మేనల్లుడి కూతురు గ్రాట్యుటీ సొమ్ముతో బి.కాం.లో చేరి పూర్తిచేసింది. ఆ ఉత్తరం నకలు ఇప్పటికీ తన ఫైలులోనే ఉంది. ఇరుగుపొరుగు ఎవరైనా రాజీనామా రాసిపెట్టమని వస్తే, ముందు దాన్ని తీసి చూపిస్తుంది.