నెలసరి నొప్పి.. బరువు తగ్గితే పోతుందా?

ప్లేస్‌మెంట్ సీజన్‌లో డైట్ మొదలుపెట్టే ముందు ఈ లెక్క చూసుకోండి

ఆన్‌లైన్ టెస్ట్ తేదీ కంపెనీ చేతిలో ఉంటుంది. నెలసరి తేదీ ఎవరి చేతిలోనూ ఉండదు. రెండూ ఒకేరోజు పడితే? రేపల్లెలో తెల్లారకముందే లేచి, తెనాలి ప్యాసింజర్ ఎక్కి, అక్కడ బండి మారి గుంటూరులోనో విజయవాడలోనో పరీక్ష కేంద్రానికి చేరాల్సిన అమ్మాయి పరిస్థితి ఏంటి? బాపట్ల హాస్టల్లో పొద్దున పొత్తికడుపు పట్టుకుని ముడుచుకు పడుకున్న అమ్మాయి మధ్యాహ్నం గ్రూప్ డిస్కషన్‌లో ఏం మాట్లాడగలదు?

ఇలాంటప్పుడు ఇంట్లోవాళ్లు, ఫ్రెండ్స్ ఇచ్చే సలహాలు దాదాపు రెండే. కాస్త బొద్దుగా ఉంటే ‘లావు తగ్గు, నొప్పి అదే పోతుంది’. సన్నగా ఉంటే ‘సరిగా తినవు, అందుకే ఈ నొప్పి’. రెండింట్లోనూ కొంత నిజముంది. కానీ ఆ కొంత నిజాన్నే పట్టుకుని, ఇంటర్వ్యూలకు నెల ముందు అన్నం మానేస్తే నష్టపోయేది మీరే. నేను ఇంజినీరింగ్ చదివినదాన్ని, డాక్టర్‌ని కాను. అందుకే సొంత అభిప్రాయాలు పక్కనపెట్టి, పరిశోధనల్లో తేలినవీ, మీకు పనికొచ్చేవీ మాత్రమే చెబుతున్నా. అబ్బాయిలూ, పేజీ తిప్పేయకండి. మీ క్లాస్‌మేట్, చెల్లి, రేపటి మీ టీమ్ మెంబర్ గురించే ఇదంతా.

అసలు నొప్పి ఎందుకొస్తుంది?

నెలసరి సమయంలో గర్భాశయం లోపలి పొరలోంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. గర్భాశయ కండరం గట్టిగా ముడుచుకునేలా చేసేవి ఇవే. ముడుచుకున్నప్పుడల్లా ఆ కండరానికి రక్తం సరిగా అందదు, నొప్పి పుడుతుంది. ఈ రసాయనాలు ఎక్కువైన కొద్దీ నొప్పీ ఎక్కువవుతుంది. కొందరికి వాంతులు, విరేచనాలు, తలనొప్పి రావడానికీ కారణం ఇవే. చాలామందిలో రక్తస్రావం మొదలైన రోజే నొప్పి ఎక్కువగా ఉండి, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. కాబట్టి ఇది సుకుమారమూ కాదు, చదువు తప్పించుకునే సాకూ కాదు.

బరువు పాత్ర ఎంత?

ఆస్ట్రేలియాలో 9,600 మందికి పైగా యువతులను 13 ఏళ్లపాటు గమనించి, 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ ఫలితాన్ని గ్రాఫ్‌గా గీస్తే ఇంగ్లిష్ ‘యు’ అక్షరంలా ఉంటుంది. బరువు బాగా తక్కువ ఉన్నవాళ్లలోనూ, ఊబకాయం ఉన్నవాళ్లలోనూ నెలసరి నొప్పి ముప్పు ఎక్కువ కనిపించింది. మధ్యలో ఉన్నవాళ్లకు తక్కువ. ఇంకో ముఖ్యమైన సంగతి.. ఊబకాయం ఉండి బరువు తగ్గినవాళ్లలో ఆ అదనపు ముప్పు కనిపించలేదు. అదే, ఉండాల్సిన బరువు నుంచి మరీ తక్కువకు పడిపోయినవాళ్లలో ముప్పు పెరిగింది.

అంటే ‘సన్నబడటం’ అందరికీ ఒకే మందు కాదు. మీరు గ్రాఫ్‌లో ఎటువైపు ఉన్నారో ముందు తెలియాలి. దానికి బీఎంఐ లెక్క చాలు. బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తు(మీటర్లలో)ను ఎత్తుతోనే గుణించగా వచ్చిన సంఖ్యతో భాగించండి. 155 సెంటీమీటర్ల ఎత్తు, 42 కిలోల బరువు ఉంటే బీఎంఐ 17.5. ఇది తక్కువ. మన దేశంలో డాక్టర్లు 18.5 నుంచి 22.9 వరకు సరైన బరువుగా, 23 దాటితే అధిక బరువుగా, 25 నుంచి ఊబకాయంగా చూస్తారు.

మన రాష్ట్రంలో ఈ రెండు సమస్యలూ పక్కపక్కనే ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో నూటికి దాదాపు 15 మంది తక్కువ బరువుతో, 36 మంది అధిక బరువుతో ఉన్నారు. పదిమందిలో దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉంది. నొప్పికి నీరసం తోడైతే రెండు గంటల కోడింగ్ టెస్ట్ కూడా కొండలా కనిపిస్తుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. సరైన బరువున్నవాళ్లకీ నొప్పి వస్తుంది. బరువు చాలా కారణాల్లో ఒకటి మాత్రమే. ‘ముందు బరువు సంగతి చూసుకో’ అంటూ నొప్పికి వైద్యం వాయిదా వేయడం సరికాదు.

ఉద్యోగ వేటలో క్రాష్ డైట్ వద్దు

ఇంటర్వ్యూకి ‘స్మార్ట్’గా కనిపించాలని టిఫిన్ మానేసి, రాత్రి రెండు బిస్కెట్లతో సరిపెట్టేవాళ్లు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. పోలీసు ఉద్యోగాలకు చదివేవాళ్లు ఒకసారి రూల్ చూడండి. రాష్ట్రంలో 2022 నోటిఫికేషన్ ప్రకారం సివిల్ కానిస్టేబుల్ పోస్టుకు మహిళల ఎత్తు కనీసం 152.5 సెంటీమీటర్లు, బరువు కనీసం 40 కిలోలు ఉండాలి (ఏజెన్సీ ప్రాంత గిరిజనులకు సడలింపు ఉంది). 1,600 మీటర్లు పదిన్నర నిమిషాల్లో పరుగెత్తాలి. లెక్కేస్తే ఆ ఎత్తుకు 40 కిలోలంటే బీఎంఐ 17.2 మాత్రమే. నోటిఫికేషన్‌కు సరిపోయినా, ఆరోగ్యానికి సరిపోదు. ఆ ఎత్తుకు కనీసం 43 కిలోలైనా ఉండాలి.

మన పెద్దవాళ్లు పెద్దమనిషైన పిల్లకు నువ్వులు, బెల్లంతో చిమ్మిలి చేసి పెట్టేవాళ్లు. ఒక్క ఫంక్షన్‌కే ఆపకుండా గుడ్డు, పప్పు, తోటకూర, మునగాకు, వేరుశనగ అచ్చు ఏదో రూపంలో రోజూ పళ్లెంలో ఉండేలా చూసుకోండి. బరువు తగ్గాల్సినవాళ్లు కూడా పూట మానేయడం కంటే కూల్‌డ్రింకులు, బేకరీ సరుకు, రాత్రి రెండోసారి వడ్డించుకునే అన్నం తగ్గించుకోవడం మేలు.

వ్యాయామం రెండువైపుల వాళ్లకూ పనికొస్తుంది. అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను 2019లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. వారానికి కనీసం మూడుసార్లు, ఒక్కోసారి 45 నుంచి 60 నిమిషాలు వ్యాయామం చేస్తే నొప్పి బాగా తగ్గే అవకాశం ఉందని తేల్చింది. యోగా అయినా, కాలేజీ గ్రౌండ్‌లో పరుగైనా సరే. ఫలితం ఒక్క వారంలో రాదు, కొన్ని నెలలు చేయాలి.

మాత్ర వేసుకుంటే తప్పా?

‘మాత్రలు వేసుకుంటే పిల్లలు పుట్టరు’ అన్న భయం ఇప్పటికీ వినిపిస్తుంది. నెలలో ఒకట్రెండు రోజులు, డాక్టర్ చెప్పిన మోతాదులో వేసుకునే నొప్పి మాత్రలతో ఆ భయం అక్కర్లేదు. ఐబుప్రొఫెన్, మెఫనమిక్ యాసిడ్ లాంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే అడ్డుకుంటాయి. అందుకే నొప్పి భరించలేని స్థాయికి వచ్చాక వేసుకోవడం కంటే మొదలవుతున్నప్పుడే వేసుకుంటే బాగా పనిచేస్తాయి. ఖాళీ కడుపుతో వద్దు. ఆస్తమా, అల్సర్, కిడ్నీ సమస్యలున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోవద్దు. మెఫనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చని 2023లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. ఒంటిమీద దద్దుర్లు, జ్వరం వస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పొత్తికడుపు మీద వేడినీళ్ల బ్యాగుతో కాపడం పెట్టుకున్నా నొప్పి తగ్గుతుంది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

‘పెళ్లయితే అదే తగ్గుతుంది’ అనే మాట వల్ల ఎన్నో జబ్బులు ఆలస్యంగా బయటపడుతున్నాయి. గర్భాశయ పొరలాంటి కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్, పునరుత్పత్తి వయసులోని మహిళల్లో పదిశాతం మందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇది సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయొద్దు:

- మాత్ర వేసుకున్నా తగ్గని నొప్పి, ప్రతినెలా కాలేజీ మానేయాల్సి రావడం
- నెలసరి లేని రోజుల్లోనూ పొత్తికడుపులో నొప్పి
- గంటకో ప్యాడ్ మార్చాల్సినంత రక్తస్రావం, కళ్లు తిరగడం
- మూడు నెలలుగా నెలసరి రాకపోవడం
- బరువు వేగంగా పెరగడం, గడ్డంమీద వెంట్రుకలు రావడం (పీసీఓఎస్ కావచ్చు)

తెనాలి, బాపట్ల ప్రభుత్వ ఆసుపత్రుల్లో చూపించుకోవచ్చు. రేపల్లె వాళ్లు ముందు ఊళ్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని, అవసరమైతే రాయించుకుని తెనాలి వెళ్లొచ్చు. ‘పెళ్లికాని పిల్ల గైనకాలజిస్ట్ దగ్గరికా’ అని వెనకాడొద్దు. మొదట మాటలతో వివరాలు అడుగుతారు. అవసరమైతే రక్తపరీక్ష, పొట్ట పైనుంచి స్కానింగ్ చేస్తారు.

ఎక్సెల్ షీట్ చాలు

డాక్టర్‌కి ‘చాలా నొప్పి’ అని చెప్పడం కంటే మూడు నెలల రికార్డు చూపిస్తే పని సులువవుతుంది. మొదలైన తేదీ, ఎన్ని రోజులు, నొప్పి పదికి ఎంత, వేసుకున్న మాత్ర, నెలకోసారి బరువు.. ఐదు కాలమ్స్ చాలు. యాప్ వాడితే ప్రైవసీ సెట్టింగ్స్ చూడండి. ఫ్లో అనే ప్రముఖ యాప్ యూజర్ల ఆరోగ్య సమాచారాన్ని ఫేస్‌బుక్, గూగుల్ లాంటి సంస్థలతో పంచుకుందన్న ఆరోపణలపై 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో సెటిల్‌మెంట్ చేసుకోవాల్సి వచ్చింది.

ఈ షీట్ ఉంటే వచ్చేనెల తేదీ సుమారుగా తెలుస్తుంది. ఇంటర్వ్యూ స్లాట్ ఎంచుకునే అవకాశమిస్తే ఆ రెండు రోజులు వదిలి ఎంచుకోండి. తప్పనిసరైతే ముందురోజే హెచ్ఆర్‌కి ‘ఆరోగ్య కారణాల వల్ల స్లాట్ మార్చగలరా’ అని మెయిల్ పెట్టండి. అంతకుమించి వివరణ ఇవ్వాల్సిన పనిలేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు లీవ్ పాలసీ కూడా అడగండి. బిహార్ ప్రభుత్వోద్యోగినులకు 1992 నుంచే నెలకు రెండు రోజుల నెలసరి సెలవుంది. కర్ణాటక 2025లో ఏడాదికి 12 రోజుల వేతన సెలవును ఆమోదించింది. అడిగితే తక్కువగా చూస్తారేమో అనుకునే రోజులు పోతున్నాయి.

పరీక్ష రోజు బ్యాగులో ఇవి ఉండాలి: అదనపు ప్యాడ్లు, డాక్టర్ రాసిన మాత్ర, మంచినీళ్లు, వేరుశనగ అచ్చు, ఒక జత దుస్తులు. ఏవి లోపలికి అనుమతిస్తారో హాల్‌టికెట్ వెనుక చదువుకోండి. హాల్‌టికెట్‌తో పాటు వీటినీ ముందురోజు రాత్రే సర్దిపెట్టుకోండి.