టౌను హాలులో ఎవరి మాట?

నాంపల్లి రైల్వే స్టేషను దాటి పబ్లిక్ గార్డెన్సు వైపు నడచినవానికి చెట్ల నడుమ తెల్లని గుమ్మటములు కనుపించును. శాసనసభా భవనముగా ప్రసిద్ధమైన ఈ కట్టడము పుట్టుకతో శాసనసభ కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ నలుబదవ జన్మదిన స్మారకముగా, నగరవాసుల చందాలతో తలపెట్టిన టౌను హాలు అది. 1905లో పని మొదలై 1913లో ముగిసినది. టౌను హాలు అనగా పౌరులు కూడి తమ ఊరి మంచి చెడ్డలు మాటలాడుకొను చోటు. ఆ పేరు ఈ భవనమునకు ఎంతవరకు తగినదను చర్చ ఎట్లున్నను, ఉపాధ్యాయుని జీతమును గూర్చి ఆలోచించునప్పుడు మాత్రము అది జ్ఞాపకమునకు రాక మానదు.

అమెరికాలో పెక్కుచోట్ల బడి ఊరి సొత్తు. ఉపాధ్యాయ సంఘముతో ఒడంబడిక చేసికొనునది అక్కడి పాఠశాలా మండలియో, నగర సభయో. కాలిఫోర్నియాలో 1975లో వచ్చిన చట్టము ప్రకారము, సంఘము కోరికలను, మండలి ప్రతిపాదనలను ముందుగా బహిరంగ సభలో ప్రజల యెదుట ఉంచవలెను. వారికి తమ అభిప్రాయము చెప్పుకొను అవకాశము కలిగిన పిమ్మటనే బేరసారములు. ఒప్పందము కుదిరినప్పుడు దాని ఖర్చెంతయో మరల బహిరంగముగా ప్రకటింపవలెను. ఆ సభలలో తల్లులు లేచి తమ బిడ్డల తరగతిలో ఎందరు కూర్చుండుచున్నారో చెప్పుదురు. పన్ను కట్టువాడు తన బరువు చెప్పుకొనును. ఉపాధ్యాయుడు తన ఇంటి అద్దె లెక్క చదువును. ఈ పద్ధతి లోపము లేనిదని కాదు. పగలంతా కష్టపడి వచ్చిన కూలివానికి సాయంకాలపు సభలో వంతుకై వేచియుండు ఓపిక ఎక్కడిది? తీరిక గలవారి మాటయే ఎక్కువగా వినబడును. అయినను, మాట విన్న తరువాతనే సంతకము అను నియమమొకటి అక్కడ నిలిచినది.

మన నగరములో దారి వేరు. విశాఖపట్టణము, విజయవాడ నగరపాలక సంస్థలకు సొంత బడులు కలవు గాని, హైదరాబాదులో సర్కారు బడి రాష్ట్ర ప్రభుత్వపు విద్యాశాఖదే. ఆబిడ్సులోని పంతులుగారి జీతము నగర సభ ముందునకు రానే రాదు. దానిని నిర్ణయించునది వేతన సవరణ సంఘము. అందరి నోటను పి.ఆర్.సి. సంఘము వారు ఉద్యోగ, ఉపాధ్యాయ సంఘముల విజ్ఞాపనలు స్వీకరించి, ప్రతినిధులను పిలిచి వినెదరు. తరువాత నివేదిక ప్రభుత్వమునకు చేరును. దానిని ఎప్పుడు బయటపెట్టవలెనో ప్రభుత్వపు చిత్తము.

ఇక్కడ ఫిట్‌మెంటు అను మాటను విద్యార్థులకు విప్పి చెప్పవలసియున్నది. పాత మూలవేతనమునకు అప్పటికి పేరుకొన్న కరువు భత్యమును కలిపి, దానిపై మూలవేతనములో నూటికి ఇంత అని చేర్చు పెంపే ఫిట్‌మెంటు. తెలంగాణ తొలి వేతన సవరణ సంఘము సి.ఆర్. బిస్వాల్ అధ్యక్షతన పనిచేసినది. నివేదిక 2021 జనవరి 27న వెలువడినది. అందులోని సిఫారసు నూటికి ఏడున్నర. కలుపవలసిన కరువు భత్యము 30.392 శాతము. ఇరువదివేల మూలవేతనము గల ఉపాధ్యాయుని తీసికొందము. భత్యము 6,078 రూపాయలు, ఫిట్‌మెంటు 1,500, మొత్తము 27,578. ఉపాధ్యాయ లోకము భగ్గుమన్నది. నివేదిక ప్రతులు వీథులలో తగులబడినవి. మార్చి 22న ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు శాసనసభలో నూటికి ముప్పది అని ప్రకటించినారు. అదే పంతులుగారి లెక్క ఇప్పుడు 32,078. రెండు నెలలు నిండకమునుపే నెలకు నాలుగువేల ఐదువందల తేడా! నడుమ మార్చి 14న పట్టభద్రుల నియోజకవర్గములకు ఎన్నికలు జరిగినవన్న సంగతిని చరిత్ర పాఠము చెప్పువారు మరువరు.

ఏడున్నర ఎట్లు వచ్చినది, ముప్పది ఎట్లు వచ్చినది? నడుమ సంఘముల నాయకులతో ప్రభుత్వము మాటలాడిన మాట నిజమే. కాని ఆ గదిలో బిడ్డలను బడికి పంపు తల్లికి కుర్చీ లేదు. ఆమెకు పంతులుగారి జీతము పెరుగుట ఇష్టమో కాదో ఎవరును అడుగలేదు. ఆమె బిడ్డ బడిలో లెక్కల మాస్టరు ఖాళీ ఎన్నాళ్లుగా ఉన్నదో ఆ బల్లమీదికి రాలేదు. జీతముతో పాటు బడి సంగతి కూడ చర్చకు వచ్చిన, ఆమెయే ఉపాధ్యాయుని పక్షమున నిలిచెడిదేమో.

ఉపాధ్యాయునికి చట్టసభలో గొంతు లేదా అనవచ్చును. కలదు. రాజ్యాంగపు 171వ అధికరణము శాసనమండలిలో పన్నెండవ వంతు స్థానములను ఉపాధ్యాయుల ఎన్నికకు విడిచినది. ఆంధ్రప్రదేశ్ శాసనమండలి 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో మరల ప్రాణము పోసికొన్నది. ఇరువదిరెండేండ్లు ఆ గొంతు మూగపోయినదన్న మాట. నలుబది స్థానముల తెలంగాణ మండలిలో ఉపాధ్యాయులకు మూడు. అయితే ఓటు ఎవరికి? మాధ్యమిక పాఠశాలకు తక్కువ కాని విద్యాసంస్థలలో మూడేండ్లు బోధించినవారికే. అ ఆలు దిద్దించు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయునికి ఆ ఓటు లేదు! అక్షరము నేర్పువాడు అన్ని చదువులకు పునాది అని సభలలో శాలువ కప్పుదుము. ఓటర్ల పట్టీ వ్రాయునప్పుడు ఆ పునాది నేలలోనే ఉండిపోవును.

ప్రైవేటు ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుని గతి దీనికి తలక్రిందులు. అతనికి ఓటు కలదు, పి.ఆర్.సి. లేదు. ఫీజుల ఆదాయములో సగము సిబ్బంది జీతములకు వెచ్చింపవలెనని 1994 నాటి ప్రభుత్వపు ఒకటవ నంబరు ఉత్తర్వు చెప్పుచున్నది. చాల బడులలో ఆ ఉత్తర్వు బీరువా దాటి వచ్చినట్లు జీతపు చిట్టాలు చెప్పవు. సర్కారు ఉపాధ్యాయులు సంఘము కట్టి మాటలాడగలరు. ఇతడు నోరు విప్పిన, వచ్చు జూనులో ఆ కుర్చీలో మరియొకరు కూర్చుందురు.

ఉపాధ్యాయుల జీతము, పని నియమములు వారి సంఘములకు, యజమానులకు నడుమ సంప్రదింపుల మూలముననే తేలవలెనని 1966 అక్టోబరు 5న యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థల సిఫారసు పత్రము పలికినది. ప్రపంచ ఉపాధ్యాయ దినము ఆ తేదీకి వచ్చినది అందువలననే. సంప్రదింపు అనగా తలుపు వేసికొని చేయు మంతనము మాత్రమే కానక్కరలేదు. విజ్ఞాపనలు, వాటిపై సంఘము తీసిన లెక్కలు, ప్రభుత్వపు జవాబు ముందుగా అచ్చువేసి, జిల్లాకొక దినము తల్లిదండ్రులను కూడ పిలిచి వినుటకు ఏ చట్టమును అడ్డురాదు. ధరల పెంపుపై విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరుపుచునే యున్నది. కరెంటు బిల్లునకు దక్కిన మర్యాద పలక బలపమునకు దక్కకూడదా?

2023 అక్టోబరులో ఎన్. శివశంకర్ అధ్యక్షతన రెండవ సంఘమును నియమించినారు. నూటికి ఐదు మధ్యంతర భృతి అప్పుడే ప్రకటించినారు. విజ్ఞాపనలు వ్రాయువారు మరల వ్రాసినారు. ఆదివారమునాడు ఆబిడ్సు కాలిబాటపై పాత పుస్తకముల గుట్టల ముందు కూర్చుండి, బేరమాడి బాలవ్యాకరణము కొనుక్కొను పంతుళ్లలో ఆ కాగితముపై సంతకము చేసినవారు కొందరైనను ఉందురు. గుమ్మటముల భవనము అక్కడికి నడక దూరము. విహారయాత్రకు వచ్చిన పిల్లలతో సందర్శకుల గ్యాలరీలో వారును అప్పుడప్పుడు కూర్చుందురు. అక్కడ కూర్చున్నవారు మాటలాడరాదని నిబంధన. పిల్లలకు ముందుగా ఆ మాట చెప్పి లోనికి తీసికొనిపోవువారు పంతుళ్లే.