పదడుగుల గదికి ఏ స్పీకర్లు?

హైదరాబాద్ పాతబస్తీలోని జహనుమా సందుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ముందు గది పదడుగులకు పన్నెండు ఉంటే పెద్దదనే లెక్క. కింద షాబాద్ బండలు, పైన స్లాబు, చుట్టూ నున్నటి సిమెంటు గోడలు. అలాంటి గదికి స్పీకర్లు కొందామని కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లినవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని వాట్లు?" అని. నన్నడిగితే వాట్ల సంగతి తర్వాత. ముందు టేపు పెట్టి గది కొలుచుకోవాలి.

చిన్న గదిలో మన చెవికి చేరేదాంట్లో స్పీకర్ వాటా ఎంతో, గది వాటా కూడా దాదాపు అంతే. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య సరిగ్గా సగం తరంగం ఇమిడే స్వరం ఏదైతే ఉందో, అది ఆ గదిలో మిగతావాటికంటే పెద్దగా మోగుతుంది. పదడుగులకు ఆ స్వరం 56 హెర్ట్జ్ దగ్గర, పన్నెండడుగులకు 47 దగ్గర పడుతుంది. బేస్ గిటార్ మూడో తీగను నొక్కకుండా మీటితే పలికేది 55. అందుకే సినిమా పాటలో ఆ ఒక్క స్వరం తగిలినప్పుడల్లా ఇనుప బీరువా తలుపు గలగలమంటుంది, పక్క స్వరానికి బేస్ ఉన్నట్టే తెలియదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదడుగులే అయితే మరీ కష్టం, మూడు వైపుల మోతా ఒకే స్వరం మీద పడుతుంది.

ఇలాంటి గదిలో నిలువెత్తు స్పీకర్లు పెడితే గది ఎక్కడ మొరాయిస్తుందో సరిగ్గా అక్కడే బలమంతా గుమ్మరిస్తాయి. ఆ మోత పక్కింటికీ పోతుంది, ఎందుకంటే లోతైన బేస్‌ను మామూలు గోడ ఆపలేదు. ఐదు లేదా ఆరున్నర అంగుళాల ఊఫర్ (బేస్ పలికించే కోను) ఉన్న చిన్న పెట్టెలు 60 హెర్ట్జ్ కిందికి వచ్చేసరికి వాటంతట అవే తగ్గుతాయి. వెనక గోడ కొంత బేస్ కలుపుతుంది కాబట్టి ఆ లోటు పెద్దగా తెలియదు.

1970లలో బీబీసీ ఇంజినీర్లకూ ఇదే ఇబ్బంది వచ్చింది. బయటి కార్యక్రమాలను ప్రసారం చేసే వ్యాన్లలో పెద్ద పెట్టెకు చోటు లేదు. వాళ్లు ఎల్ఎస్3/5ఏ అనే అడుగు ఎత్తు పెట్టె తయారుచేశారు. ఐదంగుళాల ఊఫర్, గాలి రంధ్రం లేని మూసిన క్యాబినెట్. లోతైన బేస్ ఆశ వదులుకుని, మనిషి గొంతు గొంతులా వినిపించడం మీదే మనసు పెట్టారు. ఆ నమూనా నేటికీ తయారవుతోంది. చిన్న గదికి వాళ్లు చేసిన బేరమే సరైనదని నా గట్టి నమ్మకం. మీకు నచ్చిన స్పీకర్‌కు వెనకవైపు రంధ్రం ఉండి, గోడకు దగ్గరగా పెట్టక తప్పకపోతే, ఆ రంధ్రంలో మెత్తటి స్పాంజి కుక్కి చూడండి. మోత తగ్గుతుంది.

దుకాణంలో స్పీకర్ పరీక్షకు హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్ రికార్డు ఒకటి తీసుకెళ్లండి. 1968లో ఆయన కన్నుమూసింది హైదరాబాద్‌లోనే, సమాధి పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఉంది. ఆయన గొంతు కుండలోంచి వచ్చినట్టు ఉందా, ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు ఉందా? ఆయన మీటే స్వరమండల్ తీగలు విడివిడిగా వినిపిస్తున్నాయా, కలగలిసిపోతున్నాయా? కాగితం మీది అంకెలకన్నా ఇది ఎక్కువ చెబుతుంది.

ఇక వాట్లు. 86 డెసిబెల్ స్పీకర్ అంటే ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 86 డెసిబెల్ మోగుతుందని. మామూలు మాటలు 60 దగ్గర ఉంటాయి. చిన్న గదిలో ఒకటి రెండు వాట్లకే పాట గట్టిగా వినిపిస్తుంది. తబలా దెబ్బలాంటి క్షణాలకు అంతకు పదింతలు, ఇరవై ఇంతలు కావాలి. ఆర్ఎంఎస్ (నిలకడగా ఇచ్చే శక్తి) లెక్కన 30, 40 వాట్ల యాంప్లిఫయర్ ధారాళంగా సరిపోతుంది. పెట్టె మీద పీఎంపీఓ అని వేలల్లో వేసే అంకెలను వదిలేయండి. ఓమ్‌లు మాత్రం తప్పక చూడాలి. నాలుగు ఓమ్‌ల స్పీకర్ ఎనిమిది ఓమ్‌లదానికంటే రెట్టింపు కరెంటు లాగుతుంది, పాత యాంప్లిఫయర్ వేడెక్కిపోవచ్చు. యాంప్లిఫయర్ వెనక ఎన్ని ఓమ్‌లని రాసి ఉందో చదివాకే డబ్బు కట్టండి.

పాతబస్తీలో చాలామంది కింద పరుపు వేసుకుని, గోడకు బాలీసు పెట్టుకుని కూర్చుంటారు. పరుపులూ బాలీసులూ జంబుఖానాలూ గది గణగణను మింగేస్తాయి, అది మంచిదే. కానీ అప్పుడు చెవి నేలకు రెండున్నర అడుగుల ఎత్తులోనే ఉంటుంది. దుకాణంలో ఇచ్చే స్టాండ్లు సోఫా మీద కూర్చునేవాళ్ల కోసం చేసినవి. పై స్వరాలు పలికించే ట్వీటర్ చెవికి ఎదురుగా లేకపోతే వాటి మెరుపు తగ్గుతుంది. అడుగున్నర స్టాండు చాలు, లేదా పెట్టెను కాస్త కిందికి వంచండి. వీపు గోడకు ఆనితే బేస్ ఉబ్బుతుంది కాబట్టి పరుపును రెండడుగులు ముందుకు జరపండి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఊఫర్ అంచును వేలితో మెల్లగా తాకి చూడాలి. ఫోమ్ అంచు అయితే ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది, రబ్బరు చాలాకాలం నిలుస్తుంది. బేరం కుదిరాక బయానా ఇచ్చి రెండు రోజులు ఇంట్లో పెట్టుకోనిస్తారేమో అడగండి. ఒప్పుకుంటే మీ పరుపు మీద, మీ బీరువా పక్కన, రోజూ వినే పాటే పెట్టి వినండి.