మడమ రక్తపు చుక్కను కొలిచే పద్ధతులు

నవజాత శిశువు రక్తంలో హార్మోన్లు సాధారణ రసాయన పరీక్షకు చిక్కనంత స్వల్పంగా ఉంటాయి. 1960లో న్యూయార్క్‌లో రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ వివరించిన రేడియో ఇమ్యునో అస్సే ఆ అడ్డంకిని తొలగించింది. ఒక నిర్దిష్ట అణువును గుర్తించి పట్టుకొనే ప్రోటీనైన ప్రతిరక్షకం కోసం రేడియోధార్మిక హార్మోనూ, రక్తంలోని హార్మోనూ పోటీపడతాయి. ప్రతిరక్షకానికి అంటుకొన్న రేడియోధార్మికత ఎంత తగ్గితే రక్తంలో హార్మోను అంత ఎక్కువగా ఉన్నట్లు. బెర్సన్ 1972లో మరణించగా, యాలోకు 1977లో నోబెల్ బహుమతి లభించింది. తరువాత రేడియోధార్మిక గుర్తుకు బదులు రంగు పుట్టించే ఎంజైముతో ఎలైజా (1971), ఆపైన యూరోపియం లోహపు కాంతితో నడిచే పరీక్షలు వచ్చాయి.

ఈ పరీక్షలను పెద్ద నగరాల ఆవలికి చేర్చగలిగినది వడపోత కాగితం. మడమ నుంచి తీసిన చుక్కలను దానిపై ఆరబెడితే సీసాలూ మంచుపెట్టెలూ లేకుండానే తపాలాలో పంపవచ్చు కనుక, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వంటి పట్టణాల్లో పుట్టిన బిడ్డకు ప్రయోగశాల దూరం అడ్డు కానక్కరలేదు. హైదరాబాదులోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది శిశువులపై జరిగి 2004లో వెలువడిన అధ్యయనం పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపాన్ని 1,700 మందిలో ఒకరికి చొప్పున గుర్తించింది. సకాలంలో మాత్రలు మొదలైతే బుద్ధిమాంద్యాన్ని నివారించగల జబ్బు అది. అయితే కాన్పు జరిగిన వెంటనే థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోను సహజంగానే ఎగసిపడుతుంది గనుక, రెండు రోజులు నిండాక చుక్క తీయడం మేలు.

పద్ధతుల మధ్య అసలైన తేడా అధివృక్క గ్రంథి లోపాన్ని వెతికేటప్పుడు బయటపడుతుంది. ఆ లోపానికి సూచికగా కొలిచేది 17-హైడ్రాక్సీప్రొజెస్టెరాన్. ప్రతిరక్షకం అణువును ఆకారాన్నిబట్టి పోల్చుకొంటుంది. నెలలు నిండని శిశువు రక్తంలో దానిని పోలిన స్టెరాయిడ్లు అధికంగా ఉండడంతో వాటినీ కలిపి లెక్కించి, ఆరోగ్యవంతుడైన బిడ్డను రోగిగా చూపవచ్చు. ద్రవ్యరాశి వర్ణపటమాపకం అణువునూ, దాన్ని విరిచినప్పుడు వచ్చే ముక్కలనూ బరువునుబట్టి గుర్తిస్తుంది. బరువు ఒక్కటే చాలదు: 11-డీఆక్సీకార్టిసాల్, 21-డీఆక్సీకార్టిసాల్ అనే స్టెరాయిడ్లు సమాన ద్రవ్యరాశి గలవి కావడంతో, ముందుగా వాటిని ద్రవ క్రొమటోగ్రఫీతో విడదీయాలి. యంత్రం ఖరీదైనది, నిపుణులు కావాలి. అందుచేత అందరికీ ప్రతిరక్షక పరీక్ష జరిపి, అనుమానం కలిగిన నమూనాలకే దీన్ని వాడడం వివేకవంతమైన మార్గం. ఆ రెండో పరీక్ష కార్డుపై మిగిలిన చుక్కతోనే సాగుతుంది గనుక, పెనుకొండ దాటి ఊరికి చేరిన బాలింతను కేవలం అనుమానం మీద మళ్లీ ఆసుపత్రికి రప్పించవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.