నకలుయంత్రముతో చిత్రరచన

కార్యాలయములలో ఫ్లాట్‌బెడ్ స్కానరునకు గల ఉద్యోగము మిక్కిలి చిన్నది. మార్కుల జాబితాకో, ధ్రువపత్రమునకో ప్రతి తీసి యిచ్చుటతో దాని పని తీరును. ఉన్నదానిని ఉన్నట్లు చూపుటయే దాని ధర్మమని యెల్లరి నమ్మకము. అట్టి యంత్రమును చిత్రకళావిద్యార్థుల చేతికిచ్చి, నకలు కాని బొమ్మను తీయుడనుట మొదట వింతగనే తోచును.

కాని కెమెరా లేకయే బొమ్మ తీయుట క్రొత్త విద్య కాదు. హెర్షెల్ 1842లో కనిపెట్టిన నీలిముద్రణ పద్ధతితో అన్నా అట్కిన్స్ అను ఆంగ్లవనిత 1843 నుండి సముద్రపు నాచుల బొమ్మలను గ్రంథముగా వెలువరించెను. మందు పూసిన కాగితముపై నాచు నుంచి ఎండ తగులనిచ్చుటయే ఆమె చేసిన పని. 1937లో షికాగో చేరిన మొహోలీ-నాగీ ఇట్టి వెలుగుబొమ్మలను కళావిద్యలో భాగము చేసెను. అదే నగరమున, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ కళాశాలలో, సోనియా లాండీ షెరిడన్ 1970లో ‘జనరేటివ్ సిస్టమ్స్’ అను పాఠ్యక్రమమును నెలకొల్పి, ప్రతులు తీయు యంత్రములనే చిత్రసాధనములుగా విద్యార్థుల కిచ్చెను.

నేటి స్కానరు ఈ వంశములోనిదే. అయినను దానికొక ప్రత్యేకగుణము కలదు. కెమెరా రెప్పపాటులో సమస్తమును గ్రహించును. స్కానరు అట్లు కాదు. అద్దము క్రింద దీపము ఒక కొననుండి రెండవ కొనకు మెల్లగా నడచుచుండగా, పద్యమును పాదము పాదముగా చదువు బాలునివలె, గీత వెంట గీతగా బొమ్మను కూర్చుకొనును. బొమ్మ మొదటి అంచునకును చివరి అంచునకును నడుమ కొన్ని క్షణములు గడచియుండును. ఆ నడుమ మందారపువ్వును దీపము వెంట లాగినచో రేకులు తీగలవలె సాగును; ఎదురుగా లాగినచో కుదించుకొనిపోవును. గుమాస్తాకు అది చెడిన ప్రతి. విద్యార్థికి మాత్రము కాలము రూపమును మార్చుట కంటికి కనబడును.

మరియొక చిక్కు కలదు. పువ్వును బోర్లించి పెట్టవలెను. అద్దము క్రింది యంత్రము చూచు ముఖము విద్యార్థికి కనబడదు. తెర యావలి ప్రేక్షకుని కన్నును ఊహించుకొను తోలుబొమ్మలాటగానివలె అతడు వెనుకనుండి కూర్పు చేయవలెను. గది చీకటి చేసి మూత తెరచి యుంచినచో వెనుకభాగము నల్లనగును. అద్దమును తాకిన రేకుపై నూగు సహితము స్పష్టముగా నుండి, పైకి పోయినకొలది చీకటిలో కలియును. సన్నని చవుకరకపు స్కానర్లలో ఈ లోతు దాదాపు దొరకదు.

ఇట్లు వచ్చిన బొమ్మ విద్యార్థిదా, యంత్రముదా? మార్కులు వేయవలసిన ఉపాధ్యాయునికి ఇది ఉబుసుపోక ప్రశ్న కాదు. చేయి జారి సాగిన మొదటి పువ్వు యంత్రముదనియే యెంచుట న్యాయము. అదే సాగును, కోరినచోట, కోరినంత, రెండవమారు తెప్పింపుమని యడుగవలెను. చేతి వేగమును దీపపు నడకతో సరిచూచుకొని నాలుగైదు కాగితములు పాడుచేసిన పిదప సాధించినవాడు ఆ బొమ్మకు కర్త. అతనిచేత అదే పువ్వును పెన్సిలుతోను గీయింపవలెను. స్కానరు చూపినదేదో, విడిచినదేదో అప్పుడు తేలును.

తడిపూలు పెట్టునప్పుడు అద్దముపై పలుచని పారదర్శకపు షీటు పరచుట మేలు. వేళ్ళకంటిన ఇసుకను తుడుచుకొనవలెను. ఒక్క రేణువు గీసిన గీత ఆపై తీయు ప్రతి బొమ్మలోను కనబడును.