సూక్ష్మ సేద్య రాయితీ: నిర్మాణం, అర్హత, ఫలితం – ఒక పరిశీలన

వ్యవసాయానికి ప్రభుత్వాలు అందించే సహాయాన్ని స్థూలంగా రెండు విధాలుగా చూడవచ్చు. ఎరువులు, విద్యుత్తు వంటి ఏటేటా ఖర్చయ్యే వాటికి ఇచ్చేది ఒకటి. భూమిలో కొన్నేళ్లపాటు నిలిచే పరికరాలకు, నిర్మాణాలకు పెట్టుబడిగా ఇచ్చేది రెండవది. ఈ రెండవ కోవలో తెలుగు నేలపై దీర్ఘకాలంగా కొనసాగుతున్నది బిందు, తుంపర సేద్య పరికరాలపై ఇచ్చే రాయితీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్య ప్రాజెక్టు 2003 నవంబరులో మొదలైంది. కేంద్రం 2006లో ప్రత్యేక పథకాన్ని ప్రారంభించి, 2010లో దానిని జాతీయ మిషన్‌గా మార్చింది. 2015లో అది ప్రధానమంత్రి కృషి సించాయీ యోజనలో ఒక విభాగమై, 2022-23 నుండి రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కిందికి చేరింది. పేర్లు మారినా సహాయం అందే పద్ధతి పెద్దగా మారలేదు. ఆధునికీకరణ ఎవరికి అందుతుందో, ఎవరికి అందదో ఆ పద్ధతే నిర్ణయిస్తున్నదని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాయితీ లెక్క

కేంద్ర మార్గదర్శకాల ప్రకారం సన్న, చిన్నకారు రైతులకు యూనిట్ వ్యయంలో 55 శాతం, ఇతరులకు 45 శాతం సహాయం లభిస్తుంది. ఈ మొత్తాన్ని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. తెలుగు రాష్ట్రాలు దీనికి తమ నిధులను అదనంగా చేర్చి, చిన్న రైతులకు రాయితీని 90 శాతం వరకు పెంచాయి. యూనిట్ వ్యయం లక్ష రూపాయలనుకుందాం. కేంద్రం ఇచ్చేది 33 వేలు. రాష్ట్రం తన వాటాగా 22 వేలు, అదనపు రాయితీగా మరో 35 వేలు భరించాలి. కేంద్ర పథకంగా ప్రసిద్ధమైన దానిలో అధిక భారం రాష్ట్ర ఖజానాదే అన్నమాట.

ఈ డబ్బు రైతు చేతికి రాదు. రైతు తన వాటా చెల్లిస్తాడు, నమోదైన కంపెనీ పరికరాలు అమరుస్తుంది, తనిఖీ ముగిశాక రాయితీ సొమ్ము కంపెనీకి చేరుతుంది. కనుక ఖజానాకు ఇబ్బంది వచ్చినప్పుడు బకాయిలు పడేది కంపెనీలకే అయినా, పనులు ఆగేది రైతు పొలంలో. బకాయిల వల్ల పథకం దాదాపు నిలిచిపోయిన అనుభవం ఆంధ్రప్రదేశ్‌కు ఉన్నది.

అర్హత: పట్టాదారా, సాగుదారా?

దరఖాస్తుకు పట్టాదారు పాసుపుస్తకం, బోరు వంటి నీటి వనరు ప్రధానం. పాసుపుస్తకం యాజమాన్యాన్ని తెలుపుతుందే తప్ప సాగును తెలుపదు. యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, పొలాన్ని నోటిమాట కౌలుకు ఇచ్చిన చోట ఈ భేదం తీవ్రమవుతుంది. యజమానికి పైపులు వేయించవలసిన అవసరం కనిపించదు, కౌలు ఎటూ వస్తుంది. కౌలురైతుకు అవసరం ఉన్నా కాగితం లేదు. ఒకవేళ కాగితం దొరికినా, వచ్చే ఏడాది తనది కాని నేలలో తన వాటా సొమ్మును ఎందుకు పాతిపెట్టాలి?

చట్టాలు ఈ చిక్కును విప్పలేదు. ఆంధ్ర ప్రాంతానికి వర్తించే 1956 నాటి కౌలు చట్టం కనీస కౌలు కాలాన్ని ఆరేళ్లుగా నిర్దేశించింది. హక్కు స్థిరపడుతుందన్న భయంతో యజమానులు రాతకోతలకే దూరమయ్యారు. 2011 చట్టం రుణ అర్హత పత్రాలను, 2019 చట్టం సాగుదారు హక్కు పత్రాలను ప్రవేశపెట్టాయి. రెండవది యజమాని అంగీకారంపై ఆధారపడినది, పదకొండు నెలల గడువు గలది. పంట రుణానికి ఆ గడువు సరిపోవచ్చు. ఒకసారి సహాయం పొందిన భూమికి మళ్లీ ఏడేళ్ల దాకా సహాయం ఇవ్వని పథకంలో పదకొండు నెలల పత్రానికి విలువ ఏపాటిది? ఉత్తరప్రదేశ్ మార్గదర్శకాలు కౌలు భూమికి అవకాశం కల్పిస్తూనే కనీసం ఏడేళ్ల ఒప్పందం కోరడం గమనార్హం. పరికరం ఆయుష్షుకూ కౌలు ఆయుష్షుకూ పొంతన లేకపోవడమే ఇక్కడి అసలు సమస్య.

నీటి ఆదా

బిందుసేద్యం ఎకరానికి పట్టే నీటిని తగ్గిస్తుందనడంలో సందేహం లేదు. మొత్తం నీటి వినియోగం తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న. ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు 2004లో వచ్చింది; తెలంగాణలో 2018 జనవరి 1 నుండి అది 24 గంటల సరఫరా అయింది. ఆదా అయిన నీటిని బోరులోనే ఉంచితే రైతుకు కలిగే లాభం లేదు, మరో ఎకరానికి పారిస్తే ఉన్నది. సేద్య సామర్థ్యం పెరిగినంత మాత్రాన నదీ పరీవాహక స్థాయిలో నీరు మిగలదని గ్రాఫ్టన్, సహ రచయితలు 2018లో ‘సైన్స్’ పత్రికలో వివరించారు. అయితే అనంతపురం చీనీ తోటల వంటి చోట్ల ఈ వాదాన్ని యథాతథంగా వర్తింపజేయరాదని నా అభిప్రాయం. ఎండిపోయే తోటను నిలబెట్టడమే అక్కడ తొలి ప్రయోజనం. విమర్శించవలసినది రైతును కాదు, విజయాన్ని హెక్టార్లలో మాత్రమే కొలిచే నివేదికలను.

తుంపర సేద్య పైపులు భూమిలో పాతేవి కావు. ఒక పొలం నుండి మరొక పొలానికి మోసుకుపోగలిగినవి. కౌలురైతుకు అన్నివిధాలా అనువైన ఈ పరికరానికి కూడా పాసుపుస్తకమే అడగడంలో సాంకేతిక కారణం కనిపించదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు వాస్తవ సాగుదారును గుర్తించే ప్రయత్నం చేస్తున్నది. ఒక్క మండలంలోనైనా ఆ నమోదును సూక్ష్మ సేద్య లబ్ధిదారుల జాబితాతో సర్వే నంబరు వారీగా పోల్చితే, రాయితీ పొందిన పొలాల్లో ఎన్నింటిని లబ్ధిదారులే దున్నుతున్నారో, పైపులు లేని పొలాల్లో ఎన్ని కౌలు కింద ఉన్నాయో లెక్క తేలుతుంది.