సరదా పనికి ధర కట్టడం

బడిపంతులుగానో, బ్యాంకు గుమాస్తాగానో ముప్పై ఏళ్ళు పనిచేస్తూ, ఆదివారం వస్తే ఉలీ రంపం పట్టుకుని పెరట్లో కూర్చునేవారు మీలో కొందరుంటారు. ఉద్యోగ విరమణ అయ్యాక ఆ పనే నాలుగు డబ్బులు తెస్తే బాగుండునని వారికి అనిపించడం సహజం. తెస్తుంది కూడా. కాకపోతే ఇన్నాళ్ళూ మీరు చేసిన వస్తువుకి మీరు ధర కట్టలేదు. చిక్కంతా అక్కడే.

ఒక పీట సంగతే తీసుకోండి. చెక్కకు 300 రూపాయలు, మేకులకూ పాలిష్‌కూ 50 అయిందనుకుందాం. పక్కింటివారు అడిగితే 400కి ఇచ్చేసి, 50 మిగిలిందని సంతోషిస్తారు. మరి చిత్రిక పట్టి, అతుకులు కూర్చి, నునుపు చేయడానికి పట్టిన ఆరు గంటల మాటేమిటి? మీ ఊళ్ళో వడ్రంగి రోజుకూలి ఎంతో కనుక్కోండి. ఎనిమిది గంటలకు 800 అనుకుంటే ఆరు గంటలకు 600. కరెంటు, పదును, పాడైపోయిన ముక్క కలిపి ఇంకో 50. మొత్తం వెయ్యి. అంతకు తక్కువకి అమ్మితే కొన్నవారికి మీరే ఎదురు డబ్బిచ్చినట్టు. అంతేకాదు, మీకు పింఛను అండ ఉంది; ఆ పని మీదే బతికే వడ్రంగికి లేదు. మీరు చవకగా ఇచ్చే ప్రతి పీటా అతని బేరం చెడగొడుతుంది.

వెయ్యికి ఎవరు కొంటారంటారా? దుకాణంలో దొరికే రకమైతే కొనరు. వారి గూటికి సరిపోయే కొలతతో పూజా మందిరం, తాతగారి తలుపు చెక్కతో చేసిన పెట్టె అయితే కొంటారు. పాత చెక్క బాగా ఆరి ఉంటుంది కనుక అదొక లాభం. పచ్చి చెక్క మాత్రం వద్దు. యానాం తేమగాలిలో బిగుతుగా కూర్చిన పలక కూడా బళ్ళారి ఎండకు సందులిస్తుంది.

సరిహద్దువాళ్ళం కనుక ఇంకో సంగతి. బళ్ళారి నుంచి గుంతకల్లుకు వెళ్ళడం మనకు అత్తవారింటికి వెళ్ళినంత తేలిక. పన్నుల చట్టానికి అది రాష్ట్రం దాటడమే. అలా సరుకు అమ్మితే మామూలుగా మొదటి రూపాయి నుంచే జీఎస్‌టీ నమోదు ఉండాలి. చెక్కడపు పని, లక్క సామాను వంటి హస్తకళా వస్తువులకు ఏడాది అమ్మకం 20 లక్షలు దాటనంతవరకు మినహాయింపు ఉంది. పాన్ సంఖ్య, సరుకు వెంట ఈ-వే బిల్లు ఉండాలి. మీ వస్తువు ఆ జాబితాలో ఉందో లేదో ముందే అడగండి. పిల్లల బొమ్మలకైతే 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన పనివారికి మాత్రం ఆ నిబంధన లేదు.

భవిష్యనిధి సొమ్ము తెచ్చి యంత్రాల్లో పోయకండి. మొదటి ఏడాది ఉన్న పనిముట్లు చాలు. ఏదైనా కొనాలనుంటే ముందు ముక్కుకు మంచి మాస్కు కొనండి. రంపపు పొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది.